వీపు అచ్చు

రాయి తీశాడు, విసిరాడు. ఇంకో రాయి తీశాడు, విసిరాడు. వేకువన వంచిన నడుమును బీరన్న ఇంకా ఎత్తలేదు. మక్తల్‌కు పడమరగా, ఊరు దాటాక వచ్చే ఎర్ర చెల్క అది. ఏటేటా దుక్కికి ముందు ఆ చెల్కలో రాళ్ళేరిన చేతులే ఇవి. కాని ఈరోజు ఏరుతున్నది విత్తనం కోసం కాదు, కారు కోసం. నేలకు రెండు వేళ్ళ ఎత్తున మాత్రమే నిలిచే కారట. గోరంత గులక తగిలినా దాని పొట్ట గీసుకుపోతుందట. అందుకని గొర్రెల దొడ్డి ముందరి జాగానంతా అతడు పసిబిడ్డకు పక్క దులిపినట్టు దులుపుతున్నాడు.

పక్కనే ఇంకొకడు వంగి ఉన్నాడు. ఆ కారును లారీలో హైదరాబాదు నుంచి తెచ్చిన అమరేందర్. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. పొడవైన మెడ, గట్టి భుజాలు, గోళ్ళ కింద పోని నల్లటి మడ్డి. వచ్చినప్పటి నుంచి ఒక్కచోట కూర్చోలేదు.

"నువ్వు జర నడుం వాల్చు కొడుకా. గంత దూరం బండి నడిపినవ్."

"నిద్ర పట్టది కాకా. రాళ్ళేరుడే మంచిగున్నది."

బీరన్నకూ నిద్ర పట్టక చాలా రోజులైంది. కూతురు శోభ సంగతి ఇవాళ తేలాలి. రేసు కార్ల జట్టొకటి ఈ ఏడు ఒక్క సీటు ఖాళీ ఉందని చెప్పింది. అందులో కూర్చునేవారి ఖర్చును ఏదైనా కంపెనీ మోయాలి. శోభ కోసం దాణా కంపెనీ ఒకటి ముందుకు వచ్చింది. గొర్రెలకాపరి బిడ్డ, రేసు కారు, వెనక గొర్రెల మంద, ముందు దాణా సంచి: ఇదీ వాళ్ళు కోరిన బొమ్మ. ఫొటోలు ఈరోజే తీయాలి. సాయంత్రంలోగా పెద్దసారు చూడాలి. నచ్చితే సీటు. నచ్చకపోతే శోభ మళ్ళీ హైదరాబాదు శివార్లలోని కార్ల మైదానంలో, చిన్న కార్లు తిప్పే పిల్లలకు టికెట్లు చింపుతూ నిలబడాలి. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ సెలవుల్లో ఆ పనికి కుదిరిన పిల్ల, మైదానం ఖాళీ అయ్యాక ఒక చుట్టు తిప్పి చూద్దామని కూర్చుంది. అప్పటి నుంచి ఆమెకు కుదురు లేదు. ఆమెకు లేని కుదురు బీరన్నకూ లేకుండా పోయింది.

లారీ తలుపు ఏటవాలు పలకగా దిగింది, దాని మీదుగా కారు నేల మీదికి జారింది. మిడతలాగా ఉంది. సన్నని ముక్కు, బయటికి చాచిన చక్రాలు, నడుమ మనిషి దూరేంత గుంత. అమరేందర్ ఒక చేత్తో దాని ముక్కును పట్టి, రెండో చేత్తో చక్రాన్ని నిమురుతూ, కోడెదూడను దించినట్టు దించాడు.

కంపెనీ తరఫున ఫొటోలు తీయించడానికి వచ్చిన దీప్తి గొడుగు కింది నుంచి చేయి ఊపింది. "అంకుల్, ఇక గొర్రెలు!"

బీరన్న దొడ్డి కంప తీశాడు. మంద బయటికి వచ్చింది. దీప్తి చేతిలోని గొడుగు కిందికి వాలిపోయింది.

"అంకుల్... వీటికేమైంది?"

మంద మొత్తానికి మొన్ననే కత్తెర పడింది. వెన్నెముకలు తేలి, పక్కటెముకలు లెక్కకు వచ్చి, మెడల మీద కత్తెర గాట్లతో గొర్రెలు చలికి వణికేవాటిలా నిలబడ్డాయి. తండ్రి నాటి నుంచీ బీరన్న ఇంట అదే పద్ధతి. పెద్ద పని ఉందంటే, నలుగురు వచ్చి చూస్తారంటే, గోడకు సున్నం వేయకపోయినా మందకు కత్తెర వేయాలి. బొచ్చు పెరిగిన మందతో చుట్టాలకు ఎదురుపోవడం, మాసిన అంగీతో పెండ్లిపీట ఎక్కడమే. బిడ్డ కోసం వస్తున్నవాళ్ళు కదా అని, రెండు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క గొర్రెనూ వదలకుండా, తనే కత్తిరించాడు.

"ఫొటోలో నల్లగా, బొద్దుగా, మబ్బుల్లాగా ఉండాలండీ. సారుకు అలాగే చెప్పాను" అంది దీప్తి. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఫోను చెవికి పెట్టుకుని దూరంగా నడిచింది.

రొట్టెల గంపతో అప్పుడే వచ్చిన సుక్కమ్మ గంప దించకుండానే మొగుణ్ణి అందుకుంది. "నేను మొత్తుకున్ననా లేదా? పెండ్లికొడుకులను గీసినట్టు గీసిండు. వచ్చెటోళ్ళు గొర్ల ఫొటో తీస్తరయ్యా, గొర్లకు పిల్లనిస్తరా?"

అమరేందర్ నవ్వు ఆపుకోలేక చక్రం చాటుకు వంగాడు. బీరన్నకు నవ్వు రాలేదు. కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి, ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చాడు. బీడీ వెలిగించాడు, తాగకుండానే ఆర్పాడు. నా చేతులతోనే, అనుకున్నాడు. నా కత్తెరతోనే, అనుకున్నాడు.

లారీ వెనక నుంచి శోభ వచ్చింది. మెడ నుంచి మడమ దాకా ఒకే గుడ్డతో కుట్టిన తెల్లని దుస్తులు, రొమ్ము మీద దాణా కంపెనీ పేరు. "ఫికర్ చెయ్యకు బాపు. అంజన్న మామ మంద ఉన్నది గద" అంది.

అంజన్న బద్ధకం ఊరందరికీ తెలుసు. కత్తెర వేయవలసిన కాలం దాటి ఎన్నాళ్ళైనా అతడి మంద నల్లని మబ్బుల్లాగే తిరుగుతుంటుంది. కబురందగానే తోలుకొచ్చాడు.

"ఏం రా బీరిగా, నా గొర్లు సిన్మాల ఏషం గడ్తున్నయా? జర ముందుగాల చెప్తే నేన్గూడ పౌడర్ రాసుకొస్తుంటి."

"నీ మొగం ఎవ్వలడిగిన్రన్నా! నీ గొర్లను ఇడిసి నువ్వు గా పొదెనుక కూసో" అంది సుక్కమ్మ.

మంద నడుమ కారు, కారు పక్కన శోభ, ఆమె భుజాన గొంగడి. మంద వెనక బీరన్న నిలబడి, చేయెత్తి పిలవాలి, గొర్రెలన్నీ తలలెత్తాలి. బీరన్న పిలిచాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పిలుస్తున్న పిలుపే. ఎండాకాలం మేత కోసం కృష్ణ ఒడ్డుదాకా నడిచిన తోవలన్నిటా, వానలో, గాలిలో, ఎన్నడూ తప్పని పిలుపే. ఒక్క తల లేవలేదు. ఇంకోసారి పిలిచాడు. ఒక గొర్రె అతడి కాలి పక్కనే గడ్డి కొరుకుతూ, అతడు కర్రో కంపో అన్నట్టు పక్కకు జరిగింది. చివరికి తుమ్మపొద వెనక నుంచి అంజన్న నోట వేలు పెట్టి ఈల వేశాడు. మందంతా ఒక్కసారిగా తలెత్తింది. ఆ క్షణానే కెమెరా పలికింది. చేయెత్తిన బీరన్న మాటనే గొర్రెలు విన్నట్టుగా బొమ్మ పడింది.

"సూపర్ అంకుల్!" అంది దీప్తి. బీరన్న ఎత్తిన చేయి ఎప్పుడు దించాలో తెలియక కాసేపు అలాగే ఉంచాడు. దొడ్డి పక్కన అతడి సొంత మంద, గుండు చేయించుకున్న పిల్లల్లా, కంప మీదుగా చూస్తోంది.

మధ్యాహ్నం లారీ నీడన జొన్నరొట్టెలు విప్పారు. సుక్కమ్మ అమరేందర్ చేతిలో రెండు పెట్టి, మూడోది మీద వేసింది. బిడ్డ చేతికి ఒకటే ఇచ్చింది. "గొర్లకాడి పిల్లనట! బళ్ళె ఏసిన్నాటి సంది హాస్టల్లనే పాయె. గొర్రె పాల వాసనస్తే గడప దాటుతది."

శోభ రొట్టెలో చిన్న ముక్క తుంచింది.

"నువ్వు గూడ నడుపుతవా కొడుకా, గీ కారు?" బీరన్న అడిగాడు.

"నడిపిన కాకా."

శోభ చేతిలోని ముక్క నోటిదాకా పోలేదు. "బాపు, గా సీటుకు ఇద్దరం పోయినం. నేనూ, గీయన. నడుపుట్ల గీయననే తేజ్."

"తిను శోభా" అన్నాడు అమరేందర్.

"పోటీ పెట్టిన ప్రతిసారి నాకన్న ముందే వచ్చిండు. వాన పడ్డ నాడైతే నాకు కండ్లకే ఆనలే."

బీరన్న రొట్టె మీది కారం వేలితో అటూ ఇటూ రాశాడు. "మరి నీకెందుకు రాలే కొడుకా?"

అమరేందర్ నవ్వాడు. "మాది కట్టంగూర్ కాకా. రోడ్డు మీద మా నాయినది పంచర్ దుకాణం. టైర్ల కంపెనోళ్ళ దగ్గరికి పోయిన, ఖర్చు పెట్టుకోండ్రి సార్ అని. మీ నాయిన ఏం జేస్తడన్నరు. చెప్పిన. గా సారు నన్ను మీదికెళ్ళి కిందిదాంక చూసి, ‘పంచర్లేసెటోని కొడుకును మా టైరు పక్కన నిలవెడ్తే టైరెవడు కొంటడు తమ్మీ’ అన్నడు."

సుక్కమ్మ పకపకా నవ్వి, నవ్వు సగంలో ఉండగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బీరన్న లేచాడు. నీడలో నుంచి ఎండలోకి, ఎండలో నుంచి నీడలోకి నడిచాడు. ఒకప్పుడు సంతలో మెలితిరిగిన కొమ్ముల పొట్టేలును చూసి మనసుపడి తెచ్చాడు. ఊరంతా వచ్చి దాని కొమ్ములు పట్టి చూశారు. వలస తోవలో మూడో మజిలీకే అది కూలబడింది. మందను చివరిదాకా నడిపించింది కొమ్ము విరిగిన పాతదే. అయినా మరుసటి సంతలో తాను మళ్ళీ కొమ్ములనే చూశాడు. ఆ సంగతి ఇన్నాళ్ళకు గుర్తుకొచ్చి అతడి అరికాళ్ళలో సూదుల్లా తిరిగింది. దీప్తి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మేడం, గా పిలగాని ఫొటో గూడ ఒకటి తియ్యరాదు? మీ సారుకు చూపెట్టరాదు?"

దీప్తి కళ్ళద్దాలు తీసింది. అతడు నిజంగానే అడుగుతున్నాడని అర్థమై, మెల్లగా చెప్పింది. "చూపించగలను అంకుల్. కాని ఆ అబ్బాయి కథలో గొర్రెలు లేవు కదా, మాది దాణా. పైన ఫార్ములా వన్‌లో కూడా ఇంతేనండీ. నడపడం రాకపోతే ఎవరూ కూర్చోబెట్టరు. వచ్చినవాళ్ళలో ఎవరి వెనక కంపెనీ ఉంటే వాళ్ళు కూర్చుంటారు. శోభకు నడపడమూ వచ్చు. మీరు బాధపడకండి."

బాధ అని అతడు అనుకోలేదు. ఏమిటో తెలియలేదు. తన బిడ్డకు రావాలి. రాకపోతే తాను బతకలేనట్టే ఉంది. వస్తే ఆ పిల్లవాడి ముఖం చూడలేనట్టూ ఉంది.

ఆఖరి ఫొటో కారు లోపల. శోభ గుంతలోకి దిగింది. ఒడిలో అంజన్న మందలోని గొర్రెపిల్ల. బెల్టులు బిగించినా ఆమె భుజాలు కిందికి జారాయి. మెడ ఒకవైపుకు వాలింది. ఎంత సర్దినా కుదరలేదు.

"నాది గద గా సీటు, ఆమెకెట్ల కుదురుతది" అన్నాడు అమరేందర్. గొర్రెపిల్లను సుక్కమ్మకు అందించి, శోభను దింపి, లోపలికి రెండు చేతులూ పెట్టి లాగాడు. నల్లటి టేపు చుట్టిన, తేలికైన, గట్టి తొడుగొకటి ఊడి వచ్చింది. మనిషి వీపును నేల మీద ఒత్తి తీసినట్టుంది.

"సంచిల మందు పోసి మనల్ని దాంట్ల కూసోవెడ్తరు కాకా" అని బీరన్నకు చెప్పాడు. "ఉబ్బి గట్టి పడెదాంక కదలొద్దు, తుమ్మొద్దు. వీపు అచ్చు పడ్తది. అప్పుడు బండి ఎటు మర్లినా ఒళ్ళు కదలది." ఆ తొడుగును తీసుకెళ్ళి దొడ్డి పక్కన పెట్టాడు. శోభ భుజాన ఉన్న గొంగడిని నాలుగు మడతలు పెట్టి గుంతలో పరిచాడు. ఆమె కూర్చుంది. మెడ నిలిచింది. గొర్రెపిల్ల తల్లి కోసం అరిచింది. కెమెరా పలికింది.

పొద్దు గుట్ట మీదికి వాలే వేళకు దీప్తి ఫోను మోగింది. అందరూ ఆమె పెదవులనే చూశారు. ఆమె బొటనవేలు ఎత్తింది.

సుక్కమ్మ బిడ్డను వాటేసుకుంది. అంజన్న పొద వెనక నుంచి ఈల వేశాడు, గొర్రెలన్నీ తలెత్తాయి. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది అమరేందర్. బీరన్నకు సంతోషం వచ్చింది. వచ్చి, కూర్చోవడానికి జాగా దొరకనట్టు లోపల తిరుగుతూనే ఉంది.

శోభ దీప్తి కారెక్కే ముందు తండ్రి దగ్గరికి వచ్చింది. ఆమె వేళ్ళు చేతిలోని హెల్మెట్ పట్టీని మెలిపెడుతూనే ఉన్నాయి.

"గాయన జాగల కూసుంటున్నవు బిడ్డా. ఊకె కూసోకు" అన్నాడు బీరన్న.

"ఎరికె బాపు."

కారు వెళ్ళిపోయింది. రేసు కారును లారీలోకి ఎక్కించి అమరేందర్ తలుపు వేశాడు. దాన్ని హైదరాబాదులో అప్పజెప్పి, అట్నుంచి అటే కట్టంగూర్ బస్సు ఎక్కుతాడట. నాయిన మోకాళ్ళు వంగడం లేదట. మళ్ళీ జట్టు దగ్గరికి పోడట. ఇదంతా తాళ్ళు బిగిస్తూ, తాళ్ళ సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. ఇంజను మోగింది.

బీరన్న దొడ్డి పక్కనున్న తొడుగును ఎత్తుకుని పరుగెత్తాడు. "కొడుకా! గిది మర్సిపోతున్నవ్!"

అమరేందర్ కిటికీలోంచి చేయి చాచి దాని అంచును తాకాడు. తీసుకోలేదు.

"ఉండనియ్ కాకా. శోభకు కొత్తది పోస్తరు. గిది ఇంకెవ్వలకు ఒదగది."

"నీకైతే ఒదుగుతది గద."

"పంచర్ దుకాణంల పీట మీద కూసుంటం కాకా" అని నవ్వాడు. "చిన్నమ్మకు చెప్పు, రొట్టె మంచిగున్నదని." లారీ కదిలింది. చెల్క దాటింది, బాట ఎక్కింది, తుమ్మల వెనక దాని మోత కొంతసేపు వినిపించింది, తరవాత వినిపించలేదు.

కత్తెర పడ్డ మంద ఆకలికి అరుస్తోంది. సుక్కమ్మ పిలుస్తోంది. బీరన్న తొడుగును నేల మీద పెట్టి, అరచేయి దాని నడుమ ఆనించి నొక్కాడు. అది అణగలేదు. లేచి మంద వైపు నడిచాడు, ఆగాడు, మళ్ళీ నడిచాడు.

రాయన్నది లేని ఆ జాగాలో అది వెల్లకిలా ఉంది; రెండు భుజాలు ఆనిన పల్లాలు, నడుమ వెన్నుపూస దిగిన గాడి, ఆ గాడి పొడవునా మెల్లగా చేరుతున్న ఎర్రదుమ్ము.