మొహం కనపడే లైటు

నాకొక టార్చిలైటు కావాలని ఇంట్లో అందరి ముందే చెప్పాను. అన్నం తింటున్నాం. అమ్మ ఎదురుగా ఉంది, అన్న ఉన్నాడు, నాయన ఉన్నాడు.

"లైటు ఎందుకే? ఫోన్లో ఉండాది కదా," అంది అమ్మ.

"లైటు కాదు, ఆ ఉజ్జోగమే మానుకోమ్మా," అన్నాడు నాయన, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చే షుగరు పేషెంట్లకు రక్తం తీయడంతో నా పని మొదలవుతుంది. సాయంత్రం రిపోర్టులు ఇచ్చేశాక ఉదయగిరి బస్సెక్కి మా ఊరి క్రాస్ రోడ్డు దగ్గర దిగుతాను. అక్కడి నుంచి మట్టిరోడ్డు, నడక. దారి మధ్యలో వాగు మీద కల్వర్టు ఉంది. ఎండాకాలంలో వెలుతురు ఉండగానే ఇల్లు చేరతాను. డిసెంబరులో బస్సు దిగేటప్పటికే చీకటి పడిపోతుంది.

కల్వర్టు మీద మగవాళ్లు కూర్చుంటారు. గాలి వస్తుందని ఎప్పటినుంచో కూర్చుంటున్నారు. పట్టపగలు నేను ఆ దారిన వెళ్తే "ఏమ్మా కృపా, బస్సు లేటా?" అని మర్యాదగా అడుగుతారు. అందరూ మా పాలెం వాళ్లే. అందరితోనూ ఏదో ఒక వరస ఉంది. చీకటి పడితే మాత్రం వరసలు ఉండవు. ముందు ఈలలు వచ్చాయి. తర్వాత ఒకరోజు ఎవరో గొంతు సన్నగా మార్చి, "డ్యూటీ ఇప్పుడు దిగిందా, డాక్టరు ఇప్పుడు వదిలినాడా?" అన్నారు. పక్కవాళ్లు నవ్వారు.

ఫోన్ లైటు వేశాను. అది నా కాళ్ల చుట్టూ చాపంత వెలుగు పరిచి ఊరుకుంది. దాంతో వాళ్లకి నేను ఇంకా బాగా కనపడ్డాను, నాకు వాళ్లు కనపడలేదు. "ఫోన్ జాగర్త పాపా, చార్జింగ్ అయిపోద్ది," అని మళ్లీ అదే సన్న గొంతు.

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పినందుకే ఇదంతా. నాయన మానుకోమన్నాడు. అమ్మ మధ్యాహ్నం దాకా చేసి వచ్చే పనేదైనా ఇస్తారేమో అడగమంది. మా అన్న శాంతికుమార్ కొండాపురంలో ఎరువుల షాపులో చేస్తాడు. "నేను రోజూ బండి ఏసుకుని రాలేనుమే. వచ్చిన రోజు తీసుకొస్తా. రాని రోజు ఆ రక్తం సీసాల పక్కనే పడుకో," అని నవ్వాడు.

నేను నాయన మాట దాటే మనిషిని కాదు. ఆయన బీపీ మాత్రలు నేనే తెస్తాను, రేషన్‌కి నేనే వెళ్తాను, ఆదివారం ప్రార్థనకి ఆయన పక్కనే నడుస్తాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే, అదీ ఆయన చదవమన్నాడనే. కానీ ఈ మాట నాకు మింగుడు పడలేదు. నేను ఉద్యోగం మానేస్తే ఆ మాట అన్నవాడు కల్వర్టు మీదే ఉంటాడు, నేను ఇంట్లో ఉంటాను. తప్పు చేసింది ఎవరు, కదలాల్సింది ఎవరు?

"ఈ నెల చూడు నాయనా. జనవరిలో నువ్వెట్ట చెప్తే అట్టనే," అన్నాను. ఆయన పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచాడు.

క్రిస్మస్‌కి బట్టలు తీసుకోవడానికి అమ్మా నేనూ ఉదయగిరి వెళ్లాం. బట్టల పని అయ్యాక దస్తగిరి భాయ్ ఎలక్ట్రికల్ షాపుకి లాక్కెళ్లాను.

"పెంచలయ్య బిడ్డవి కదా. లైటా? పొలం కాడికా, పందులకా?" అంటూ మోచేతి పొడవున్న టార్చి దించాడు. "దీన్ని చూస్తే పంది కొండాపురం దాకా ఎనక్కి తిరక్కుండా పరిగెత్తాల."

"జేబులో పట్టాలి భాయ్."

"నాయన చొక్కా జోబీలోకా?"

"నాకే."

ఆయన నా చుడీదార్ వైపు చూశాడు. "నీకు జోబీ యాడుండాది తల్లీ?"

కుడివైపు కుట్టు దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. జేబు పెడితే డ్రెస్సు షేపు పోతుందని టైలరు గొణిగాడు, పోతే పోనీ అని పెట్టించుకున్నాను. హ్యాండ్‌బ్యాగులో వేసుకున్న లైటు అవసరానికి దొరకదు. క్యారేజీ కింద, గొడుగు కింద, చున్నీ కొస కింద ఉంటుంది.

దస్తగిరి భాయ్ గులాబీరంగు కీచైన్ లైటు ఒకటి తీశాడు. "ఆడపిల్లలు ఇదే కొంటారు. తాళంచెవి ఎతుక్కోడానికి."

"మా ఇంటికి తాళమే ఉండదు భాయ్," అని తిరిగి ఇచ్చేశాను.

తర్వాత వేలెడంత జూమ్ టార్చి తీశాడు. ఒకసారి నొక్కితే పెద్ద వెలుగు, మళ్లీ నొక్కితే చిన్న వెలుగు, ఇంకోసారి నొక్కితే టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఈ కొట్టుకోవడం దేనికి?"

"పెండ్లి ఊరేగింపులో డాన్సు కాడ బాగుంటాది."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వలేదు. ఒక చేతిలో క్యారేజీ ఉంటుంది. రెండో చేతి బొటనవేలికి స్విచ్చి దానంతటదే తగలాలి, ఒక్క నొక్కుకే వెలుగంతా రావాలి. చీకట్లో ఎన్నోసారి నొక్కానో లెక్కపెట్టుకుంటూ నిలబడితే, చూడాల్సినవాడు లేచి వెళ్లిపోతాడు.

"షట్టరు సగం దించు భాయ్. ఆ చివర గోడౌను తలుపు కాడ నిలబడు."

"నేనా? నేనెందుకమ్మా?"

"నీ మొగం కనపడతాదో లేదో చూడాల."

"ఏమే!" అంది అమ్మ గట్టిగా. "మనిషి మొగాన లైటు ఏస్తారా ఎవురన్నా?"

అమ్మ అన్నది నిజమే. మా వైపు లైటు నేలకే వేస్తారు. ఎదురుగా మనిషి వస్తే అద్దానికి అరచెయ్యి అడ్డం పెట్టి పలకరిస్తారు. మొహం మీద లైటు వేసేది కుందేళ్ల వేటకి పోయేవాళ్లు, లేదంటే దొంగను పట్టుకున్నవాళ్లు. ఇది మాకు చిన్నప్పుడే నేర్పుతారు. నాకూ నాయనే నేర్పాడు.

దస్తగిరి భాయ్‌కి సరదా పుట్టినట్టుంది, వెళ్లి నిలబడ్డాడు. జూమ్ టార్చి వేశాను. గుండ్రటి చిన్న వెలుగు ఆయన మొహం నడిమధ్యలో పడింది.

"ముక్కొక్కటే కనపడతాంది భాయ్."

"చాలదా? ఉదయగిరిలో నా ముక్కు తెలవనోళ్లు ఎవురమ్మా?"

"నలుగురుంటే ఒక్కో ముక్కే చూసుకుంటా పోవాల్నా?"

ఆయన గొణుక్కుంటూ వచ్చి, అద్దాల బీరువాలోంచి నల్లటిది ఇంకొకటి తీసి నా చేతిలో పెట్టి, మళ్లీ వెళ్లి నిలబడ్డాడు. దీనికి జూమ్ లేదు. స్విచ్చి వెనక కొసన ఉంది. పిడికిట్లో దాక్కునేంత ఉంది. నొక్కాను. దస్తగిరి భాయ్ మొత్తం కనపడ్డాడు. చెవులు, గడ్డం, పక్కనున్న ఫ్యాను అట్టపెట్టెల మీద పేర్లతో సహా. ఆయన మోచెయ్యి అడ్డం పెట్టుకుని "యా అల్లా, ఆర్పు తల్లీ!" అన్నాడు.

"ఇది ఇవ్వు. ఫోన్ వైరుతోనే చార్జింగ్ ఎక్కుద్దా?"

"ఎక్కుద్ది." కళ్లు నలుపుకుంటూ గల్లా దగ్గరికి వచ్చాడు. "ఎవుర్ని చూడాలమ్మా నువ్వు?"

"తెలవదు భాయ్. అందుకే."

బేరం అమ్మ ఆడింది. బస్సులో మాత్రం అమ్మ నా వైపు తిరక్కుండా కూర్చుంది. "మీ నాయన ఈ రోడ్డులో ఎవురితోనూ ఒక మాట పడకుండా బతికినాడు. అది గుర్తుపెట్టుకో," అంది దిగేముందు.

గుర్తుపెట్టుకున్నాను. సోమవారం సాయంత్రం బస్సు దిగి, కల్వర్టు దాకా లైటు నేలకే వేసుకుని నడిచాను. దగ్గరికి వచ్చాక ఆర్పేశాను. బీడీ నిప్పు ఒకటి కనపడుతోంది. మాటలు ఆగాయి. మాట రాకపోతే అట్లాగే వెళ్లిపోవాలనుకున్నాను. వచ్చింది.

"డాక్టరుగారు దించిపోలేదా పాపా?"

నొక్కాను.

ముగ్గురు. ఈ చివర పెంచలప్రసాద్ మామ, నోట్లో బీడీ. మధ్యలో మా అన్నతో కలిసి చదివిన కోటేశ్వర్ అన్న, నవ్వబోయి తెరిచిన నోరు అట్లాగే ఉంది. ఆ చివర గోపాలయ్య చిన్నాయన. నాయనకి వరసకు తమ్ముడు. గొంతు మార్చడానికి ముడిచిన పెదాలు ఇంకా ముడిచే ఉన్నాయి. నా డిగ్రీ రిజల్టు వచ్చిన రోజు మా ఇంట్లో కూర్చుని, "మా అన్న బిడ్డ" అని అందరికీ చెప్పుకుంటూ రెండుసార్లు పాయసం పోయించుకున్న మనిషి.

లైటు ఆర్పలేదు.

"పెంచలప్రసాద్ మామా, బాగుండావా? కోటేశ్వర్ అన్నా, వదిన బాగుండాదా? చిన్నాయనా, ఏందో అడిగినావే. మళ్లీ అడుగు."

"ముందు లైటు తియ్యి! కండ్లు కనపళ్లా!"

"నాకు కనపడతా ఉండాయి చిన్నాయనా. అడుగు."

ఆయన తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. లైటు నేలకు దించి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి నాయనకి చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. తమ్ముడి పేరు ఆయన ముందు ఎట్లా పలకాలో తెలియలేదు.

నేను చెప్పకపోయినా కబురు ఊరంతా తిరిగింది, ఇంకో రకంగా. పెంచలయ్య కూతురికి డిగ్రీ తలకెక్కిందట, పెద్దవాళ్లని దొంగల్లాగా నిలబెట్టి మొహాన లైటు కొట్టిందట. ఆదివారం ప్రార్థన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుంటే గోపాలయ్య చిన్నాయన నాయన ముందుకు వచ్చాడు. వెనకాల ఆ ఇద్దరూ ఉన్నారు.

"అన్నా, నీ మొగం చూసి ఇన్నాళ్లు ఊరుకున్నా. నీ బిడ్డ మా మొగాన లైటు ఏసినాది. మేమేమన్నా దొంగలమా, కుందేళ్లమా? అందరి ముందర తప్పయిందని చెప్పించు. ఆ లైటు తీసి నీకాడ పెట్టుకో."

నాయన మెడ ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "లైటు ఏసినావా?"

"ఏసినాను నాయనా."

"తప్పయిందని చెప్పమ్మా. ఒక్క మాట. ఇంకెందుకు, రేపట్నుంచి ఆ ఉజ్జోగానికీ పోబాకులే."

చుట్టూ మా సంఘం అంతా ఉంది. నాకు ఏడుపు వచ్చింది గానీ ఆపుకున్నాను. ఏడిస్తే అదే నా జవాబు అనుకుంటారు.

"చెప్తా నాయనా. మొగాన లైటు ఏయడం తప్పే, నువ్వే నేర్పినావు. ముందు చిన్నాయన్ని ఆ రోజు నన్ను ఏం అడిగినాడో ఇక్కడ అడగమను. ఆ గొంతుతోనే అడగమను. ఆయన అడిగినాక నేను తప్పయిందని చెప్తా."

"నేనేం అడిగినా? బస్సు లేటా అని అడిగినా," అన్నాడు చిన్నాయన.

"అదే అడుగు చిన్నాయనా. అప్పుడు అడిగిన గొంతుతో అడుగు."

కోటేశ్వర్ అన్న కాలి బొటనవేలితో ఇసుక కెలుకుతున్నాడు. పెంచలప్రసాద్ మామ చర్చి గోడ వైపు చూస్తున్నాడు. అప్పుడు మెట్ల మీద కూర్చున్న ఆనందమ్మ అవ్వ, అంటే గోపాలయ్య చిన్నాయన తల్లి, కర్ర పట్టుకుని లేచింది.

"ఏ గొంతురా? బస్సు గురించి అడగడానికి వేరే గొంతేంది?"

"నువ్వు ఊరుకోమా."

"నేనేందిరా ఊరుకునేది? పంచాయితీ పెట్టిందెవురు, నువ్వు కదా? బిడ్డ అడగమంటాంది. అడుగు, మేమూ ఇంటాం."

చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ చిన్నాయన నోటివైపే చూస్తున్నారు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "దీనికి నోరెక్కువయింది," అని గేటు వైపు నడిచాడు. మిగతా ఇద్దరూ ఆయన వెంట వెళ్లలేదు, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

నేను తప్పయిందని చెప్పలేదు. చెప్పమని మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చాక నాయన చొక్కా విప్పి దండెం మీద వేస్తూ, "వాడని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చీకట్లో నాకూ తెలవదు నాయనా. లైటు ఏసినాకే తెలిసింది. తెలిసినాక చెప్పడానికి నోరు రాలేదు."

ఆయన చాలాసేపు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అమ్మ అన్నానికి పిలిస్తే లేచాడు. తింటూ, నాతో కాదు, అమ్మతో అన్నాడు: "రేపు దానికి క్యారేజీ ఎప్పటి టైముకే కట్టు."

జనవరి వచ్చింది. నాయన ఉద్యోగం మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కల్వర్టు ఖాళీ కాలేదు. గాలి అక్కడే వస్తుంది మరి. కాకపోతే నా చెప్పుల చప్పుడు వినపడగానే ఎవరూ అడక్కుండానే చీకట్లోంచి పేర్లు వస్తాయి. "పెంచలప్రసాద్‌నమ్మా." "కోటేశ్వర్‌ని, పో పో, జాగర్త." గోపాలయ్య చిన్నాయన కొన్నాళ్లు అక్కడికి రావడం మానేశాడు. నిన్న వచ్చాడు.

"నేను. గోపాలయ్యని," అన్నాడు, సొంత గొంతుతో.

పేరు చెప్పిన మనిషి మొహాన లైటు వేయడం బాగుండదని అమ్మ రోజూ చెబుతోంది. వేశాను. ఆయనే.