నలభై ఎనిమిది తెల్ల వెంట్రుకలు

లోలా పూరింగ్ తలలో తెల్ల వెంట్రుక ఒకటి పీకితే పాతిక సెంటావోలు. మలబోన్‌లోని ఆ సందులో ఆవిణ్ణి లోలా, అంటే అమ్మమ్మా, అని పిలిచే పిల్లలందరికీ తెలిసిన ధర అది. వెంట్రుక మాత్రం కుదురుతో సహా రావాలి. ఒకసారి బోయెట్ అనే గడుగ్గాయి ఒక్కదాన్నే గోటితో రెండు ముక్కలు చేసి రెండని చెప్పాడు. అప్పటినుంచి లోలా కళ్ళజోడు పెట్టుకుని మరీ ఒక్కోదాని మొదలు చూస్తుంది.

తొమ్మిదేళ్ళ నెనింగ్ చేతిలో వెంట్రుక తెగదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక లోలా తన చిల్లరకొట్టు ముందు పీట వేసుకుంటుంది. వెనక బల్ల మీద నెనింగ్ కూర్చుంటుంది. కొబ్బరినూనె వాసన వేసే వెచ్చటి జుట్టును పాయ తీసి, రెండు వేళ్ళతో పట్టి టుక్కున లాగితే, ఎండలో తళుక్కుమంటూ ఒక సన్నటి తీగ చేతికొస్తుంది. దాన్ని లోలా ఒళ్ళో నల్లగుడ్డ మీద పరుస్తుంది. ఆ టుక్కుమనడం ఉంది చూశారూ, దానికోసం డబ్బులివ్వకపోయినా పీకేదేమో!

"పీకితే రెండు మొలుస్తాయట కదా లోలా?"

"మొలవనీ. నీకే బేరం పెరుగుతుంది, దొంగపిల్లా!"

శనివారం బడివాళ్ళు పిల్లల్ని బస్సులో ఐస్‌క్రీం తయారుచేసే చోటికి తీసుకెళ్తున్నారు. చూడటం అయ్యాక తలా ఒక కప్పు ఇస్తారట. ఇంటికొచ్చేదాకా నాలుక చల్లగానే ఉంటుందని పోయినేడు వెళ్ళొచ్చిన బోయెట్ ఒట్టేసి చెప్పాడు. శుక్రవారంలోగా డబ్బు కట్టాలి. అమ్మనడిగితే, అడుగంటిన బియ్యం డబ్బా మూత తీసి చూపించింది.

బుధవారానికి ఇంకా పన్నెండు పెసోలు తక్కువ. అంటే పెసోకి నాలుగు చొప్పున నలభై ఎనిమిది వెంట్రుకలు. అవి లోలా తలలో ఎక్కడెక్కడ ఉన్నాయో నెనింగ్‌కి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఎడమ చెవి వెనకే ఒక గుంపు ఉంది.

గురువారం గెంతుకుంటూ వచ్చేసరికి లోలా భుజాల మీద పాత తువ్వాలు కప్పి ఉంది. పక్కన మేనకోడలు లోర్నా గిన్నెలో ఏదో నల్లగా కలుపుతోంది. వాసనకి కళ్ళు మండుతున్నాయి.

"సమయానికొచ్చావే," అంది లోలా. "ఇది పార్లర్ పని నేర్చుకుంటోందిగా, నా తల మీదే మొదలుపెడుతుందట. వెనకవైపు రంగు నువ్వు వెయ్యి. తెల్లవి ఎక్కడున్నాయో నీకంటే ఎవరికి తెలుసు!"

నెనింగ్ గిన్నెకేసి చూసింది. "ముందు కాసిని పీకేసి, తర్వాత రంగేస్తే లోలా?"

"పీకినచోట రంగు తగిలితే పుండవుతుంది," అంది లోర్నా. "అయినా ఇలా పీకించుకుంటూ పోతే అత్తకి చివరికి ఎదురింటి మాంగ్ ఈస్కో బట్టతలే!"

"నన్నెందుకు లాగుతారే మధ్యలో?" అరిచాడు ఎదురింటి అరుగు మీంచి మాంగ్ ఈస్కో. "నాది ఎవరూ పీకలేదు. పెళ్ళయ్యాక అదే పారిపోయింది!"

అందరూ నవ్వారు. నెనింగ్ చేతిలోకి బ్రష్ వచ్చింది. పెద్దవాళ్ళు చెయ్యమన్నాక చెయ్యనని ఎలా అంటుంది? ఊరికే డబ్బు అడిగితే అమ్మ వీపు చీరేస్తుంది. చెవి వెనక గుంపు దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. నాలుగు వదిలేసి పక్కకి జరిగింది.

"ఇదిగో, ఇక్కడ మర్చిపోయావు," అంది లోర్నా దువ్వెన కొసతో చూపిస్తూ.

నెనింగ్ వాటికీ వేసింది.

తల కడిగాక లోలా అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. సిగ్గుపడుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన పెళ్ళినాడు కూడా అంత మురిసి ఉండదు. "నీ చేతి చలవే!" అంటూ నెనింగ్ ఒళ్ళో ఒక బిస్కెట్ల పొట్లం పెట్టింది. సాయంత్రానికి సందులో మిగతా ముసలమ్మలంతా తువ్వాళ్ళు కప్పుకుని లోర్నా ముందు వరస కట్టారు.

శుక్రవారం టీచరు డబ్బు కట్టినవాళ్ళ పేర్లు చదివింది. నెనింగ్ తలొంచుకుని పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.

శనివారం పొద్దున సందు మొదట్లో బస్సు వచ్చి ఆగింది. బోయెట్ కిటికీలోంచి నాలుక బయటపెట్టి వెక్కిరించాడు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా నెనింగ్ అక్కడే నిలబడింది.

"అదేంటే, నువ్వు వెళ్ళలేదూ?" కొట్టు తలుపులు తీస్తూ అడిగింది లోలా.

"నాకు బస్సు పడదు లోలా."

"అయ్యో, నాకూ అంతేనే తల్లీ, కడుపులో తిప్పేస్తుంది," అంది లోలా జాలిగా. పీట లాక్కుని కూర్చుని తల వెనక్కి వంచింది. "ఇలా రా. ఎక్కడైనా తెల్లది మిగిలిందేమో చూడు, నా బంగారం."

నెనింగ్ బల్లెక్కి పాయ తీసింది. నడినెత్తిన వెతికింది. మెడ దగ్గర వెతికింది. చెవి వెనక మరీ మరీ వెతికింది.

"ఒక్కటీ లేదు లోలా," అంది.

"నిజంగా?" అంటూ లోలా పకపకా నవ్వింది.