తోడల్లుడి అల

మా ఆయన మీద నా ఫిర్యాదు ఒక్కటే. పెళ్లయిన ఇన్నేళ్లలో నా విషయంలో ఆయన ఒక్కనాడూ అసూయ పడలేదు. పక్కింటాయన నన్ను పలకరించినా పేపరులోంచి తలెత్తరు. ఉన్న అసూయంతా చిల్లరగా ఖర్చు చేయకుండా దాచి, మా చెల్లెలి మొగుడికి సమర్పించుకున్నారు.

తోడల్లుళ్లిద్దరిదీ ఒకే ఆఫీసు. సముద్రంలో నిలబెట్టబోయే ఇనుప కట్టడాలు తుఫానుకు తట్టుకుంటాయో లేదో ముందుగా కంప్యూటర్లో చూస్తారు. గొట్టం గొట్టం అతికించి మోడల్ కట్టడం, వందేళ్లకోసారి వచ్చేంత అలతో దాన్ని కొట్టించడం. సాఫ్ట్‌వేర్ ప్రతి గొట్టానికీ ఒక మార్కు వేస్తుంది. ఒకటి లోపు వస్తే పాసు, దాటితే ఫెయిలు. మార్కులు తగ్గితే సంతోషించే చదువు నాకు తెలిసి ఇదొక్కటే.

అక్కడొక పద్ధతి ఉంది. ఒకే కట్టడానికి ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా మోడళ్లు కట్టాలి. లెక్కలు కలిస్తేనే ఇనుము కోస్తారు. ఇన్నాళ్లూ మా ఆయన లెక్కకు తిరుగులేదు. ఈసారి రెండో మోడల్ మరిదికి ఇచ్చారు. మా ఆయన పాసు చేసిన ఏటవాలు గొట్టం ఒకటి మరిది లెక్కలో ఫెయిలయింది.

"నిన్నగాక మొన్న వచ్చాడు. చేర్పించింది నేనే," అన్నారు మా ఆయన, షూ అయినా విప్పకుండా. "మేనేజరు ముందు నాకే అలలు నేర్పుతున్నాడు."

"ఏమన్నాడేంటి?"

"ఏమీ అనలేదు. 'ఇంకోసారి చూద్దామా అన్నయ్యా' అన్నాడు. ఆ వినయం ఉంది చూశావూ, దానికే ఒళ్లు మండుతుంది."

మోడళ్లు మార్చుకుని చూసుకోండి, సోమవారం తేల్చండి అన్నాడట మేనేజరు. తప్పు తనదని తేలితే ఇన్నేళ్ల పేరు పోతుంది, అదీ తోడల్లుడి చేతిలో. ఆదివారం పొద్దున్నే ఆయన మరిది మోడల్ ముందేసుకుని తప్పులు వెతకడానికి కూర్చున్నారు. నా వంటలో వెతికేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూడలేదు. నా వంతు సాయంగా చెల్లెలినీ మరిదినీ భోజనానికి పిలిచాను.

"ఇవాళే పిలవాలా?"

"పొద్దుట్నుంచీ అతన్నే తలుచుకుంటున్నారు కదండీ. మనిషే వస్తే పోలేదా అని."

గొట్టాల మందం సరిపోయింది. అల ఎత్తు సరిపోయింది. గొట్టాలకు పట్టే నాచు, గుల్లల బరువు కూడా వదల్లేదు మరిది. ఒక్కొక్కటీ సరిపోయేకొద్దీ ఈయన ముఖం మాడిపోతోంది. చివరికి వంటింట్లోకి వినిపించేలా "దొరికాడు" అన్నారు.

"ఏం చేశాడు?"

"అలను పన్నెండు దిక్కుల నుంచి కొట్టించాడు. ఎవడైనా ఎనిమిదే చూస్తాడు. నేను ఇన్నేళ్లుగా ఎనిమిదే..."

అక్కడ ఆగిపోయారు. తెర మీది కట్టడం బొమ్మను తిప్పి పైనుంచి చూశారు. ఆయన చేతిలో ఇంతవరకూ పడ్డవన్నీ నాలుగు కాళ్ల కట్టడాలు. వాటికి ఎనిమిది దిక్కులు చాలు. ఇది మూడు కాళ్లది. ఆ ఎనిమిదింటి సందుల్లోంచి వచ్చే అల దీన్ని ఇంకా గట్టిగా కొట్టవచ్చు. చెయ్యి అలవాటు కొద్దీ ఎనిమిదే వేసింది. తన మోడల్‌కు మిగతా దిక్కులు కలిపి మళ్లీ నడిపించారు. అదే గొట్టం ఎర్రబడింది, అంటే ఫెయిలు.

తలుపు తీసింది నేనే. ఆయన లేవలేదు.

భోజనాల దగ్గర మరిది కంచంలోకే చూస్తూ అన్నాడు: "మీ మోడల్ నేనింకా తెరవలేదన్నయ్యా."

"భయమనుకునేవు అక్కా, కుళ్లు," అంది చెల్లి. "బావగారంత నీటుగా కట్టడం తనకి రాదని కుళ్లు."

మరిది చెవులు ఎర్రబడ్డాయి. "నాదే ఎక్కడో పొరపాటై ఉంటుంది. రేపు అలాగే చెప్పేస్తాను."

వడ్డిస్తున్న నా గరిటె గాల్లోనే ఉండిపోయింది. మా ఆయన నోరు మెదపకుండా ఇంకో ముద్ద తింటే చాలు, పేరు నిలిచిపోతుంది. ముద్ద కలిపారు కూడా. దాన్ని కంచంలోనే వదిలేశారు.

"నీ మొహం చెప్తావు," అన్నారు. "నీ లెక్క సరిగ్గానే ఉంది. మూడు కాళ్లదాన్ని నాలుగు కాళ్లదానిలా చూశాను. తప్పు నాది. రేపు నేనే చెప్తాను."