ముడి మరిచిన చేయి

ఓక్‌బున్ దారాన్ని పళ్ళతో కొరికి, కొసన ముడి వేయకుండానే సూదిని నారబట్టలో దించింది. చావుబట్టలకు ముడి వేయకూడదు. పోయే ప్రాణం దేనికీ చిక్కుకోకుండా పోవాలి. ఆన్‌దొంగ్ ఊరి చివర ఉన్న ఆ కుట్టుకొట్టులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె చేస్తున్నది ఇదే. ఆ ఏడు అధికమాసం వచ్చింది. అధికమాసంలో పెద్దవాళ్ళకు చావుబట్టలు కుట్టించి దాచిపెడితే ఆయుష్షు పెరుగుతుందని జనం నమ్మకం. నిక్షేపంలా తిరుగుతున్న మనుషుల కొలతలు బల్ల నిండా పడి ఉన్నాయి.

ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది, ఈ వారమంతా అది లాగుతూనే ఉంది. కుడి చూపుడువేలి కొస కాయకాచి, సూది గుచ్చుకున్నా తెలియనంత మొద్దుబారిపోయింది.

"ఏంటక్కా, పౌడర్ రాసుకున్నావు? పెళ్ళిచూపులా?" అంది పక్క పీట మీది మిరాన్.

"నోరు మూసుకుని కుట్టవే. మధ్యాహ్నం నా చొక్కాని చూస్తారట."

"అధికమాసంలో సెలవేంటి?" కొట్టు యజమానురాలు గిల్జా లోపలి నుంచే అరిచింది. "ఇంకా పదకొండు మిగిలాయి!"

"రెండు గంటల్లో వచ్చేస్తా గిల్జాగారూ."

ఆరేళ్ళ కిందట వానకు తల దాచుకోవడానికి మ్యూజియంలో దూరింది ఓక్‌బున్. అక్కడ అద్దం వెనక ఒక జొగొరి కనబడింది. నాలుగున్నర శతాబ్దాల నాటి ఎవరో ఇల్లాలి సమాధిలో దొరికిన పట్టు పైచొక్కా. ఆ రోజు నుంచి ఆమె ఆదివారాలన్నీ ఆ అద్దం ముందే గడిచాయి. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి, లైబ్రరీలో బట్టల చరిత్ర పుస్తకాలు కూడబలుక్కుని చదివింది. అప్పట్లో తుంటి దాకా ఉన్న ఆడవాళ్ళ పైచొక్కా, వందేళ్ళకింత చొప్పున కురచబడుతూ చివరికి రొమ్ము దగ్గర ఎలా ఆగిందో ఆమెను అడగాలి. అడిగేవాళ్ళే లేరు. ఆ కాలంలో పోయినవాళ్ళకు వాళ్ళ మంచి పట్టుబట్టలే తొడిగేవారనీ, నారబట్ట ఏడ్చేవాళ్ళు కట్టుకునేదనీ ఒకసారి గిల్జాకు చెప్పబోయింది.

"అంటే మనం కుట్టేదంతా తప్పేనంటావా? ఆ మాట కస్టమర్ ముందు అన్నావంటే ఊరుకోను," అంది గిల్జా. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

వచ్చేవారం సాంస్కృతిక కేంద్రంలో పాతకాలపు బట్టల ప్రదర్శన. దానికోసమే ఆ జొగొరి నమూనాను కాగితం మీద గీసుకుని, అచ్చం అలాంటి పట్టుచొక్కా కుట్టింది ఓక్‌బున్. ఎంపికైన ప్రతి బట్ట పక్కనా కుట్టినవాళ్ళ పేరు రాసిన అట్టముక్క పెడతారు. ఇన్నేళ్ళలో ఓక్‌బున్ కుట్టినవన్నీ మట్టిలోకో మంటల్లోకో పోయాయి. దేని మీదా ఆమె పేరు లేదు. ఒక్క అట్టముక్క మీద ఒక్కసారి ఉండాలి. ఆమె కోరిందల్లా అంతే.

కేంద్రంలో సో అనే టీచరు ఆ చొక్కాను వెలుతురులో పట్టుకుని చూసింది. "చంక కింద ముక్కను ఒకవైపు మడిచారేం? మా పుస్తకంలో చదరంగా ఉంటుందే."

"పుస్తకం తప్పండి. అద్దం దగ్గర నేల మీద కూర్చుని కింద నుంచి చూస్తే తెలుస్తుంది."

టీచరు కళ్ళు పెద్దవయ్యాయి. ప్రదర్శనలో నడవబోయే అమ్మాయిని పిలిచి తొడుక్కోమంది. చొక్కా ఆ పిల్ల ఒంటిమీద అతికినట్టు కూర్చుంది. అమ్మాయి చెయ్యి పైకెత్తింది. చంక దగ్గర దారం మెల్లగా జారి జానెడు మేర కుట్టు విడిపోయింది.

టీచరు లోపలివైపు తిప్పి ఒక్కొక్క కుట్టూ చూసింది. "ముడులేవండీ?"

ఓక్‌బున్ కూడా చూసింది. ఒక్కటీ లేదు.

"ముడుల్లేవా? అంటే చావుబట్టా? ఛీ!" ఒంటికి నిప్పంటుకున్నట్టు అమ్మాయి చొక్కా లాగి అవతల పడేసింది.

"అసలుదీ సమాధిలోంచి వచ్చిందే కదండీ," అంది ఓక్‌బున్, తనకే వినబడనంత మెల్లగా.

"ఆవిడ దాన్ని బతికుండగా తొడుక్కుందండీ. అసలుదానికి ముడులున్నాయి."

ఆ సంగతి టీచరు కంటే ఓక్‌బున్‌కే బాగా తెలుసు. అదే ఆమెను కోసేసింది.

"రెండ్రోజులివ్వండి. విప్పి మళ్ళీ కుడతాను."

"చావుబట్టలు కుట్టే చెయ్యి అని తెలిశాక ఎవరు తొడుక్కుంటారు చెప్పండి? ఆ కాగితం నమూనా మాత్రం ఇచ్చి వెళ్ళండి. ఎంత బాగా గీశారో! మా స్టూడెంట్ కుడుతుంది."

"పేరు..."

"కుట్టినవాళ్ళ పేరే పెడతాం. అది రూలు."

ఇవ్వనని అనొచ్చు. అనలేదు. తప్పు తనదేనని నమ్మిన మనిషి దేన్నీ గట్టిగా పట్టుకోలేదు. ఆరేళ్ళ ఆదివారాలను మడతపెట్టి టీచరు చేతిలో పెట్టి, బస్సెక్కింది.

"ఏమైందక్కా?" అంది మిరాన్.

"చొక్కా కురచైందటే," అని పీట మీద కూర్చుని నారబట్ట ఒళ్ళోకి లాక్కుంది. కాసేపటికి తల వాలింది. ఎండకు కునుకు పట్టిందనుకుంది మిరాన్. "ఆ చొక్కా చేతి ముక్క ఇటియ్యి," అని గిల్జా రెండుసార్లు పిలిచింది. మూడోసారి లేచి వచ్చి ఓక్‌బున్ భుజం మీద చెయ్యి వేసి, ఊపిరి లేదని తెలిసి అలాగే కిందికి కూలబడింది.

అంత్యక్రియలప్పుడు మిరాన్ భయపడుతూనే అడిగింది. "పట్టుది తొడుగుదామండీ. అక్క అదే అనేది కదా."

"పట్టా? ముప్పై ఏళ్ళు నా దగ్గర చేసిన మనిషి. నలుగురూ నన్నేమనుకుంటారు?" గిల్జా నిజంగానే ఏడుస్తోంది. ఏడుస్తూనే కొట్టులో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన నారబట్ట తీసింది.

ఆ మర్నాడు కేంద్రంలో స్టూడెంటు అమ్మాయి నమూనా కాగితం విప్పింది. గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. ప్రతి కుట్టు మొదట్లోనూ ఓక్‌బున్ తనకోసం పెన్సిలుతో రాసుకున్న చిన్న అక్షరాలున్నాయి. "ఇక్కడ ముడి వెయ్యి. నీ చెయ్యి మరిచిపోతుంది." మొత్తం ఎనిమిది చోట్ల. ఆ రాత తనకు అక్కర్లేదు కాబట్టి అమ్మాయి రబ్బరుతో తుడిచేసి, కాగితాన్ని పట్టు మీద పరిచింది. నొక్కి నొక్కి రాసిన ఆ అక్షరాల గుంటలు మాత్రం కాగితంలో అలాగే ఉన్నాయి.