నరం కాదు, కండ

తొడ వెనక టప్పుమంది. శిక్షణలో నీళ్ల గొట్టం భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నదాన్ని, అక్కడే కూలబడ్డాను. మా ఫైర్ స్టేషన్లో అందరిదీ ఒకటే మాట: "నరం పట్టేసింది, సాగదీయి!"

మా మామగారు ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి. నేను ఇంటికి చేరేసరికి నూనె గిన్నెతో సిద్ధంగా ఉన్నారు. కాలెత్తి ఒక్క గుంజు గుంజారు. పట్టపగలే చుక్కలు కనిపించాయి.

మర్నాటికి తొడంతా వంకాయ రంగు. ఫిజియో చూసి నోరెళ్లబెట్టింది.

"దీన్ని లాగిందెవరండీ?"

పక్కనే ఉన్న మామగారు గొంతు సవరించుకున్నారు. "నరం పట్టిందేమోనని..."

"నరం కాదు బాబాయిగారూ, కండ. పట్టడం కాదు, చిరిగింది. చిరిగిన గుడ్డని గుంజితే అతుక్కుంటుందా?"

ఆయన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు.

అలాగని ఆమె నన్ను మంచానికీ అప్పగించలేదు. ముందు మెల్లగా నడక. తర్వాత వెల్లకిలా పడుకుని, మడమలు నేలకు నొక్కి నడుము ఎత్తడం. నొప్పి పోయిందని గంతులేయబోతే ఆపేసింది.

"నొప్పి ముందు పోతుంది, బలం తర్వాత వస్తుంది. ఆ మధ్యలో తొందరపడితేనే మళ్లీ చిరుగుతుంది."

ఒళ్లు మండింది. అయినా చెప్పినట్టే చేశాను. మళ్లీ డ్యూటీలో చేరేముందు పెట్టే పరుగు పరీక్ష నెగ్గకపోతే నన్ను ఫైరింజన్ బండి దింపి ఫోను దగ్గర కూర్చోబెడతారు. మంటలెక్కడని అడిగి రాసుకోవడం నావల్ల కాదు. నేను మంటల దగ్గరికి వెళ్లాలి!

పరీక్ష రోజు మామగారు స్టేషన్ గేటు పట్టుకుని వేలాడుతున్నారు.

"అమ్మాయ్, మెల్లగా! కాదు కాదు, గట్టిగా! అబ్బ, నీ ఇష్టం!"

ఈల మోగింది. మొదట పిల్లిలా అడుగులేశాను. ప్రాణమంతా తొడలోనే ఉంది. ఇప్పుడంటుంది టప్పుమని, ఇదిగో, ఇప్పుడే... అనలేదు! ఇక తెగించాను. కాలు నాది, నేల నాది! గీత దాటి, ఆయాసంతో మా ఆఫీసరు ముఖంలోకి చూశాను. ఆయన ఇంకా గడియారం వైపు తల వంచనేలేదు, స్టేషన్లో ప్రమాద గంట గణగణలాడింది.

"గోదాములో మంటలు! బండెక్కండి!"

బండి గేటు దాటాక ఆఫీసరు వెనక్కి తిరిగారు. నన్ను చూసి కళ్లు పెద్దవి చేశారు.

"నువ్వెప్పుడెక్కావ్?"

"మీకంటే ముందే, సార్!"

నాకు కాలొకటి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నవ్వేశారు.

"సరే, హెల్మెట్ పెట్టుకో."