పాటకు వచ్చిన మాట

"పప్పు మంచిగున్నదానే?" అని అడిగాడు మా ఆయన సారయ్య.

"అవ్" అన్నాను.

ఉప్పు లేదు, పప్పు ఉడకలేదు, పైగా అడుగంటింది. ఆ మాటే చెబుదామని నోరు తెరిస్తే వచ్చింది మాత్రం "అవ్". ఆయన మురిసిపోయి ఇంకో గరిటె వేశాడు.

పందొమ్మిది వందల ఎనభై ఆరు ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పటి నుంచీ నా నోట్లో మిగిలిన మాట అదొక్కటే. వద్దు అనబోయినా అవ్, ఛీ అనబోయినా అవ్. లోపల మాత్రం మాటలకేం లోటు లేదు. తిట్లు కూడా ఒక్కటీ పోలేదు. భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. "మెదడులో మాటను తయారుచేసే చోట దెబ్బ తగిలింది. మీరు మాట్లాడేవన్నీ ఆమెకు అర్థమవుతాయి" అని. మా ఊరు టేకులపల్లిలో బస్సు దిగేసరికి మా ఆయన చెవిలో మిగిలింది మొదటి ముక్కే. "దిమాక్ దెబ్బతిన్నదట" అని వాడంతా చెప్పాడు. ఇక చూడండి, నా మంచం పక్కనే కూర్చుని నా గురించి మాట్లాడుకోవడం మొదలైంది. "పాపం, ఎంత పనిచేసేటిదో" అంటారు. చేసిన రోజుల్లో ఆ మాట ఒక్కరూ అనలేదు. బొగ్గుబావి షిఫ్టుకు ఆయన టిఫిన్ కట్టి, మామకు వేన్నీళ్లు పెట్టి, నాట్లకు కూలికి పోయి వస్తే "గింత ఆలస్యమేంది" అన్నవాళ్లే అందరూ.

నా బెంగంతా మా కూతురు సమ్మక్క మీదే. ఖమ్మంలో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది పిల్లకు. సరిగ్గా అప్పుడే మా ఆయన అక్క బతుకమ్మ కన్ను దాని మీద పడింది. "నా కొడుక్కు చేసుకుంట. మా ఇంట్ల పొయ్యి చూసేటోళ్లు లేరు" అంది. మా వాళ్లలో తల్లిని అడిగి, ఆమె సరేనన్నాకే పిల్లకు బొట్టు పెడతారు. పెట్టాక ఇక తిరుగు లేదు. సమ్మక్క ఏడుస్తూ "అమ్మను అడుగుండ్రి" అంటే మా ఆయన నవ్వాడు.

"అడుగుదాం తీ. అది అవ్ అననిదెప్పుడు?"

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు బాగున్న రోజుల్లోనూ ఎప్పుడూ అవ్ అనే అన్నాను, నిజమే. అనకపోతే బతకనిచ్చారా?

మర్నాడు పెరట్లో నాకు తలంటుతూ, ఏడుపు దాచుకోవడానికి సమ్మక్క నాట్ల పాటొకటి ఎత్తుకుంది. తర్వాతి మాటలు గుర్తురాక మధ్యలో ఆగింది. నా నోరు అందుకుంది, మాటలతో సహా! ఇద్దరం బిత్తరపోయాం.

"అమ్మా, మళ్ల అనే!"

ఉత్తగా అనబోతే అవ్. రాగం తీస్తే మాట.

"డాక్టరమ్మ చెప్పలే? మాట మెదడుల ఒక దిక్కు, పాట ఇంకో దిక్కు గూడ ఉంటదని! పాడించి చూడుమన్నది. నాయినే, దవాఖానాల పాటలేందని కొట్టేసిండు" అంది సమ్మక్క.

ఆ రోజు నుంచి ఎవరూ లేనప్పుడు, ఎడమ చేత్తో మంచం పట్టె మీద దరువేస్తూ, ఆ రాగంలో నా సొంత మాటలు కుదుర్చుకున్నాను. ఒక్కో మాటకూ చెమటలు పట్టేవి.

ఆదివారం చుట్టాలను వెంటబెట్టుకుని బతుకమ్మ వచ్చింది. కుంకుమ భరిణె పట్టుకుని నా ఎదుట కూర్చుంది.

"అనంతా, నీ బిడ్డను మాకిచ్చుడు ఇష్టమేనా?"

"అవ్" అంది నా పాడు నోరు.

అందరూ నవ్వారు. బతుకమ్మ వేలు కుంకుమలో ముంచింది. సమ్మక్క నా వంక చూసింది. ఇంతమంది మగాళ్ల ముందు పాడడమా అని ప్రాణం చచ్చిపోతోంది. అయినా ఎడమ చేత్తో పట్టె మీద కొట్టి ఎత్తుకున్నాను.

"ఒద్దు వదినే ఒద్దూ... నా బిడ్డనియ్యనూ... సదువుకు పోతదీ సమ్మక్కా... నేనే పంపుతా..."

బతుకమ్మ వేలు ఆగిపోయింది. "ఏందిది? పిచ్చి గిట్ల లేసిందా?"

"పిచ్చి గాదత్తా. ఒద్దంటున్నది" అంది సమ్మక్క.

"బంద్ చెయ్యే, పరువు తీస్తున్నవ్" అని మా ఆయన నా చెయ్యి పట్టుకోబోయాడు.

"ఆగు సారయ్యా" అన్నాడు పెద్దమనిషి పోతయ్య. "తల్లి ఒద్దంటుంటే బొట్టెట్ల పెడ్తం?"

"మొదలు అవ్ అన్నది గదా!" బతుకమ్మ నా మీదకు వంగింది. "పాట బంద్ చేసి మాటతోని చెప్పు అనంతా. ఇష్టమేనా?"

పాట ఆపితే ఏ మాట వస్తుందో నాకు తెలుసు. అందుకే, బతుకమ్మ భరిణె మూసి, వాళ్లంతా లేచి, చెప్పులు తొడుక్కుని, మా దడి దాటి రోడ్డెక్కేదాకా పాడుతూనే ఉన్నాను.