బురదను ఆపే గొట్టాలు

భర్త గిరి చనిపోయిన పదిహేడో రోజున చౌడేశ్వరి వెళ్లి నీళ్ల ప్లాంటు తాళం తీసింది. ఎవరూ తీయమని చెప్పలేదు. పదహారు రోజులుగా ఊరివాళ్లు బిందెలతో వచ్చి, మూసిన తలుపు చూసి, వెనక్కి పోయి బోరు నీళ్లే పట్టుకుంటున్నారు. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంది. ఆ నీళ్లే తాగి ఆమె అత్త నల్లమ్మ నడుము నలభై ఏళ్లకే వంగిపోయింది.

అది 2006, ముదిగుబ్బ దగ్గర ఒక చిన్న ఊరు. ప్లాంటు నడిపిన నాలుగేళ్లూ గిరి ఒక్కరోజు కూడా దాన్ని ఆపలేదు. ఆ జూలైలో స్టార్టరు పెట్టె మీద చెయ్యి వేసినప్పుడు షాకు కొట్టి అక్కడే పడిపోయాడు. భర్త చేనికి పోయినప్పుడల్లా ప్లాంటు చూసుకున్నది చౌడేశ్వరే కాబట్టి ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో ఆమెకు తెలుసు. కొత్త స్టార్టరు పెట్టె బిగించి ఉంది. ఆమె మీట నొక్కింది. మోటారు తిరిగింది. ఆమెకు భయం వేయలేదు, బాధా కలగలేదు. బిందెలు నిండుతుంటే చూస్తూ నిలబడింది.

"ఏడువమ్మే," అంది నల్లమ్మ ఆ సాయంత్రం. "ఇంతవరకూ ఒక్క సుక్క రాల్చలేదు నువ్వు. మనిషివా, బండవా?"

"రాలేదత్తా," అంది చౌడేశ్వరి. అది నిజమే. ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

ప్లాంటు వెనక రేకుల పంచలో పాత మెంబ్రేన్లు పద్దెనిమిది పేర్చి ఉన్నాయి. తొడంత లావు, నడుమెత్తు తెల్లటి గొట్టాలు. వాటి లోపల పలచని పొరలు చాప చుట్టినట్టు చుట్టి ఉంటాయి. బోరు నీళ్లను గట్టిగా తోస్తే ఉప్పూ ఫ్లోరైడూ పొర ఇవతలే ఆగిపోతాయి, మంచి నీళ్లు అవతలికి పోతాయి. ఆ ఊరి నీళ్ల కాఠిన్యానికి రెండేళ్లు తిరక్కుండానే పొరలు మూసుకుపోయేవి. కొత్తవి వేసిన ప్రతిసారీ పాతవి పంచలోకి చేరేవి. పాతసామాన్లు కొనేవాడు కూడా వాటిని వద్దన్నాడు.

పంచాయతీ పనులు చూసే ఆదెప్ప వచ్చి, "ఇవెందుకమ్మా ఈడ, తగలబెట్టేద్దాం," అన్నాడు. ఆమె మాట కోసం ఆగకుండా రెండింటిని గుంతలో వేసి కిరసనాయిలు పోశాడు. నల్లటి పొగ లేచి, గాలి తిరిగి, గొర్రెల దొడ్డి మీదకూ బడి మీదకూ పోయింది. పిల్లలు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. మంట ఆరాక గుంతలో తారులాంటి ముద్ద మిగిలింది. పారతో పొడిస్తే కదల్లేదు. ఆదెప్ప తల గోక్కుంటూ, "మిగతావి నీ ఇష్టమమ్మా," అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె ఒక గొట్టాన్ని కొడవలితో చీల్చింది. ఎందుకు చీల్చిందో ఆమెకే తెలియదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. పైపెంకు కింద పొరలు, పొరల మధ్య సన్నటి ప్లాస్టిక్ వలలు, అన్నిటి మధ్యలో బెజ్జాలున్న గట్టి పైపు కనిపించాయి. ఒక్కొక్కటీ విడదీసి పక్కన పెట్టింది. పొద్దు వాలాక నల్లమ్మ చూసి కేక పెట్టింది.

"అయ్యో, చేతులు చూసుకోవే!"

ఫైబరు పైపెంకులోని గాజు నూలు వందల ముళ్లుగా రెండు అరచేతుల్లోనూ దిగి ఉంది. అక్కడక్కడా నెత్తురు. చౌడేశ్వరి ఆశ్చర్యంగా చేతుల వైపు చూసింది. నొప్పి ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. నల్లమ్మ ఆ చేతులను ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు సరిచేసుకుంటూ, సూదితో ఒక్కొక్కటీ తీసింది.

ఆ వారమే కొత్త మెంబ్రేన్లు బిగించడానికి అనంతపురం నుంచి మెకానిక్కు రహంతుల్లా వచ్చాడు. గిరికి స్నేహితుడు. గుడ్డ చుట్టిన ఆమె చేతులూ చీల్చిన గొట్టమూ చూశాడు.

"చెల్లెమ్మా, ఇట్ల ఉత్తచేతులతో పెంకు కోయద్దు. ఇవి పనికిరానివి అనుకుంటాండావా? ఉప్పునాపే పని అయిపోయింది, అంతే. ఇంకో పని చేయించచ్చు."

"ఏం పని?"

"బ్లీచింగ్ నీళ్లలో పది దినాలు నానబెడితే ఉప్పునాపే పైపొర ఊడిపోతాది. అడుగు పొర మిగులుతాది. అది బురదను ఆపుతాది. మా సారు ఒకాయన చేసి చూపించినాడు. ఉప్పు మాత్రం ఆపదు, ఫ్లోరైడూ ఆపదు. అది మర్చిపోవద్దు."

తక్కెడ తెప్పించి గొట్టాలను తూచాడు. సున్నం గడ్డకట్టి బరువెక్కిన ఎనిమిదింటిని పక్కన పెట్టించాడు. తేలికగా ఉన్న ఏడు మంచివన్నాడు. గాలి ఆడేచోట డ్రమ్ము పెట్టి, బ్లీచింగ్ పొడి కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయమన్నాడు. అందులో యాసిడ్ చుక్క కూడా పడకూడదని, పడితే విషపు గాలి లేస్తుందని రెండుసార్లు చెప్పాడు. ఆమె అలాగే ఆ ఏడింటినీ పది రోజులు నానబెట్టి కడిగింది.

ఊరి చివర ఆడపిల్లల హాస్టలు ఉంది. వానలు పడ్డప్పటి నుంచీ స్నానాలకూ బట్టలకూ వాళ్లకు కుంట నీళ్లే దిక్కు. ఇటుకపొడి కలిపినట్టుండే ఆ నీళ్లలో ఉతికీ ఉతికీ తెల్ల చొక్కాలు కాషాయం రంగుకు మారాయి. పిల్లల ఒంటి నిండా గజ్జి. వాళ్ల కోసమే రహంతుల్లా పాత గొట్టాలకు సరిపడే డబ్బాలు రెండు, చిన్న మోటారు ఒకటి అమర్చాడు. సెప్టెంబరులో ఒక ఉదయం అటు ఎర్రనీళ్లు పోస్తే ఇటు తేటనీళ్లు వచ్చాయి. పిల్లలు అరిచారు. వంట చేసే ఆంజినమ్మ చౌడేశ్వరి చేతులు పట్టుకుని ఊపింది. చౌడేశ్వరి తల ఊపి, రిజిస్టరులో తేదీ రాసి, వచ్చేసింది. సంతోషపడాల్సిన చోటు అని ఆమెకు తెలుసు. ఆ చోటు ఖాళీగా ఉంది.

పక్కన పెట్టిన బరువు గొట్టాలను గోనెపట్టా చేతులకు చుట్టుకుని ఒక్కొక్కటిగా విప్పింది. వలలు టమాటా నారు మీద కప్పడానికీ మిరపకాయలు ఆరబోయడానికీ రైతులు తీసుకుపోయారు. బెజ్జాల పైపులను చెట్ల మొదళ్లలో పాతి, అందులో నీళ్లు పోశారు.

ఫిబ్రవరికి కుంట ఎండింది. మార్చిలో ఒక మధ్యాహ్నం చౌడేశ్వరి మోటారు చూడటానికి హాస్టలుకు వెళ్లింది. పిల్లలు మిషను కుళాయి కింద గ్లాసులు పెట్టి తాగుతున్నారు. ఆంజినమ్మ పప్పుకు నీళ్లు పడుతోంది.

"నీళ్లు యాడివి?"

"బోరుకి కలిపించినాం చౌడమ్మా. మిషన్లో నుంచే కదా వస్తాండాయి. మీ ప్లాంటు నీళ్లు మోసే పని తప్పింది."

"ఎన్ని దినాలాయె?"

"కుంట ఎండినప్పట్నుంచి. నెల కావస్తాంది."

చౌడేశ్వరి ఒక పిల్ల చేతిలోని గ్లాసు లాగి నేలకేసి కొట్టింది. పిల్ల బిత్తరపోయింది. "తాగద్దండి! ఇది బురదకే! ఇదీ బోరునీళ్లూ ఒకటే!" గొంతు చీలేలా అరిచింది. పక్కనే నీళ్లు నింపి పెట్టిన బిందెలను కాలితో తన్నింది. ఆంజినమ్మ భుజాలు పట్టుకుంది. "మా అత్తను చూడలేదా? ఆమె నడుము చూడలేదా? నేను చెప్పాల్సింది. అందరికీ చెప్పాల్సింది. రహంతుల్లన్న నాకు చెప్పినాడు, నేను వార్డెనుకు ఒక్కతికి చెప్పి వచ్చేసినా."

వార్డెను డిసెంబరులో బదిలీ అయిపోయింది. కొత్తామెకు ఎవరూ చెప్పలేదు.

అరిచి అరిచి ఆమె అరుగు మీద కూలబడింది. ఎనిమిది నెలల్లో ఆమె లోపల ఏదైనా కదలడం అదే మొదలు. అది కూడా కాసేపే. ఆంజినమ్మ తెచ్చిన నీళ్లు తాగకుండా లేచి, స్పానరు అడిగి, బోరు పైపును మిషను నుంచి తానే ఊడదీసింది.

ఆ సాయంత్రం నుంచి పెద్ద ప్లాంటు నీళ్లు రోజుకు పన్నెండు క్యాన్లు హాస్టలుకు పంపింది. తోపుడుబండి దొరకని రోజు తానే మోసింది. కుళాయి దగ్గర గోడ మీద ఎర్ర రంగుతో "స్నానానికి మాత్రమే, తాగరాదు" అని రాయించింది. చదవడం రాని చిన్నపిల్లల కోసం గ్లాసు బొమ్మ వేయించి దాని మీద అడ్డంగా గీత కొట్టించింది. వారానికోసారి వెళ్లి పిల్లలను వరసగా నిలబెట్టి, ఏ నీళ్లు దేనికో వాళ్ల నోటితో చెప్పించింది.

వానలు పడ్డాక రహంతుల్లా జీపులో కణేకల్ వైపు ఊళ్ల నుంచి పాత గొట్టాలు ముప్పై తెచ్చి ప్లాంటు ముందు దించాడు. మూడు ఊళ్ల స్కూళ్లు ఈ మిషను అడుగుతున్నాయని చెప్పాడు.

"చేస్తావా చెల్లెమ్మా?"

"చేస్తా. ముందు ఆ స్కూళ్లకు నేనే పోయి చెప్పొస్తా, ఏం తాగాలో ఏం తాగకూడదో. ఆ తర్వాతే బిగిద్దువు."

"ఒంట్లో ఎట్లుండాది?"

"ఏం తెలీదన్నా. పొద్దున లేస్తాండా," అంది.

తర్వాత తక్కెడ లాక్కొచ్చి మొదటి గొట్టాన్ని తూకానికి ఎత్తింది.